ఎనిమిది అంకెలు, ఒకే దీపం

ఎర్ర అంకెల పాత కాలిక్యులేటర్‌ను ఫోన్‌తో వీడియో తీస్తే కొన్ని అంకెలు మాయమవుతున్నాయి, పాడైపోయిందా అని ఒక పాఠకుడు అడిగారు. పాడవలేదండీ, పుట్టుకతోనే అంత. ఆ ఎనిమిది అంకెలూ కలిసి వెలిగిన క్షణం ఒక్కటీ లేదు!

1971లో అమెరికాలో 240 డాలర్లకు వచ్చిన బౌమర్ 901బి ఈ జాతిదే. అంకెకు ఏడు గీతలు, ఒక చుక్క. ఎనిమిది అంకెలకు 64 చిన్న ఎల్ఈడీ దీపాలు. దీపానికో తీగ లాగితే చిప్‌కి కాళ్లే కాళ్లు. అందుకని పై గీతలన్నిటికీ కలిపి ఒక తీగ, మధ్య గీతలన్నిటికీ ఒకటి, ఇలా ఎనిమిది. ఇప్పుడు ఎవరి వంతో చెప్పడానికి ఇంకో ఎనిమిది. పదహారుతో సరి. మొదటి అంకె వెలిగి ఆరుతుంది, తర్వాత రెండోది, మూడోది. సెకనుకు వందలసార్లు ఇదే చుట్టు. కంటికి దొరకని ఆ ఆరిన క్షణాలే ఫోన్ కెమెరాకు దొరుకుతున్నాయి.

కొరివిని గిరగిరా తిప్పితే నిప్పుల చక్రం కనిపిస్తుందే, అదే ఇది. వేదాంతులు ఆ అలాతచక్రాన్ని చూపించి లోకం మాయ అన్నారు. ఇంజినీర్లు తీగలు మిగుల్చుకున్నారు. బడిలో చూపు నిలకడకు (చూసినది కంట్లో కాస్సేపు నిలిచిపోవడానికి) నిర్వచనం బట్టీ పట్టిస్తారు గానీ, ఈ కాలిక్యులేటర్‌ని చీకట్లో పైకీ కిందికీ ఊపి చూడమనరు. ఊపితే అంకెలు మెట్లుమెట్లుగా విడిపోతాయి!

ఎనిమిదో వంతు సేపే వెలిగితే మసకబారదా? 5 మిల్లీ ఆంపియర్లు చాలే చోట 40 ఇస్తే సగటు మళ్లీ 5 అవుతుంది. పైగా ఆనాటి గాలియం ఆర్సెనైడ్ ఫాస్ఫైడ్ ఎల్ఈడీలు సన్నగా పారే కరెంటు కంటే గుప్పున వచ్చే కరెంటుకే బాగా వెలిగేవి. 1972 నాటి హెచ్‌పీ-35 కాలిక్యులేటర్‌లో (395 డాలర్లు) ఆ కరెంటును దానికి అడ్డుపడే రెసిస్టర్‌తో అదుపు చేసి వేడిగా తగలెయ్యలేదు. చిన్న ఇండక్టర్‌లో, అంటే తీగచుట్టలో, శక్తి నింపి, దాన్ని ఎల్ఈడీలోకి వదిలారు. నాకు ఆ యంత్రంలో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఇంత పొదుపు చేసినా ఒక ఛార్జికి మూడు గంటలే.

అదే ఏడు ఇంగ్లండ్‌లో సింక్లెయిర్ ఎగ్జిక్యూటివ్ అనే కాలిక్యులేటర్ ఇంకో అడుగు ముందుకేసింది. అంకెలనే కాదు, లెక్కలు చేసే చిప్‌నే క్షణక్షణం ఆర్పి వెలిగించారు. ఆర్పిన ఆ కాస్త సేపూ ట్రాన్సిస్టర్లలో మిగిలిన చార్జి లెక్కను గుర్తుంచుకునేది. అందుకే బటన్ సెల్స్‌తో నడిచింది.

1973లో షార్ప్ ఈఎల్-805 కాలిక్యులేటర్ తనంతట తాను వెలగని ఎల్‌సీడీ తెరతో వచ్చింది. ఒక్క పెన్ సెల్‌తో 100 గంటలు. దాన్ని చీకట్లో ఎంత ఊపినా ఏమీ కనిపించదు.