ఎస్‌వీజీ వివాదం: తెలుగు అక్షరం గీతల గుంపైన కథ

వికీపీడియాలోని పటాలను, రేఖాచిత్రాలను ఎస్‌వీజీ (బొమ్మను గీతలుగా దాచే వెక్టర్ ఫైలు) రూపంలోనే పాఠకుడి బ్రౌజరుకు పంపాలా, లేక సర్వరులో పీఎన్‌జీగా మార్చి పంపాలా అన్న పాత వాదన మళ్లీ రాజుకుంది. వెక్టర్ గీత ఎంత పెంచినా చెదరదని, పీఎన్‌జీ చుక్కల బొమ్మ అని ఈ వాదనకు దిగినవారందరికీ తెలుసు. అందులో తెలుగు రాతకు జరిగిన నష్టం గురించి మాత్రం అంతగా మాట్లాడుకోలేదు. అది అర్థం కావాలంటే 2005 దగ్గరికి వెళ్లాలి.

ఎస్‌వీజీ 2001 సెప్టెంబరులోనే వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణమైంది. అయినా అప్పట్లో అత్యధికులు వాడే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దాన్ని సొంతంగా చూపలేకపోయేది. అందుకే బొమ్మను సర్వరులోనే పీఎన్‌జీగా మార్చే దారిని వికీపీడియాను నడిపే వికీమీడియా 2005లో ఎంచుకుంది. ఆ పని లిబ్‌ఆర్‌ఎస్‌వీజీ అనే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించింది. ఆనాటికి అది సరైన నిర్ణయమే. కానీ దాంతో బొమ్మలోని అక్షరాలు ఏ ఫాంటులో కనబడాలన్నది గీసినవారి చేతిలోనూ చదివేవారి చేతిలోనూ లేకుండా పోయింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

విండోస్‌లో గౌతమి ఫాంటుతో పటం గీసి ఎక్కిస్తే, మైక్రోసాఫ్ట్ సొత్తయిన ఆ ఫాంటు సర్వరులో ఉండదు. దాని స్థానంలో వచ్చే ఫాంటు అక్షరాల వెడల్పు వేరు కనుక, తీరం లోపల ఇమిడిన 'విశాఖపట్నం' కాస్తా సముద్రంలోకి జరుగుతుంది. ఎస్‌వీజీ బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టె గీసి అందులో టైపు చేసిన వాక్యమైతే చాలాకాలం పాటు ఉత్త నల్లటి పెట్టెగా కనిపించేది. ఆ పద్ధతి ఖరారు కాకుండానే ఆగిపోయిన ఎస్‌వీజీ 1.2 ముసాయిదాలోది.

విసిగినవారు డీటీపీ సెంటర్ల ఉపాయం పట్టారు. కోరెల్‌డ్రాలో ప్రెస్సుకు పంపేముందు చేసినట్టే అక్షరాలన్నిటినీ కర్వ్స్ చేసి ఎక్కించారు. అలా చేస్తే బొమ్మ ఎక్కడైనా ఒకేలా కనిపిస్తుంది, నిజమే. అయితే 'శ్రీకాకుళం' ఇక పదం కాదు, వంపుగీతల గుంపు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు, అలాంటి పటంలో ఒక్క పేరు మార్చాలన్నా గీతలు చెరిపి, ఫాంటు వెతికి, మొదటి నుంచి రాసుకోవలసిందే. ప్రెస్సుకు వెళ్లే పోస్టరుతో పని ఒక్కసారే. వికీ పటం పదిమంది చేతుల్లో మారుతూ ఉండవలసినది.

2011 మార్చిలో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9 ఎస్‌వీజీని చూపడంతో మొదటి కారణం తీరింది, పద్ధతి మిగిలింది. మెగాబైట్ల కొద్దీ ఉండే పటం కంటే చిన్న పీఎన్‌జీ మొబైల్ డేటాకు తేలిక అని దాని సమర్థకులు అంటారు. ఒకే ఫైలులో పలు భాషల పేర్లు ఉన్నప్పుడు అడిగిన భాషలో సర్వరు బొమ్మ తీసి ఇస్తుందని, బ్రౌజరైతే ఫోను సెట్టింగును బట్టి తెలుగు వ్యాసంలోనూ ఇంగ్లీషు పేర్లే చూపవచ్చని కూడా అంటారు. ఈ రెండో మాట కొట్టిపారేయదగ్గది కాదు.

కానీ చాలాకాలం వికీలో మామూలు కొలతగా ఉన్న 220 పిక్సెళ్ల వెడల్పులో జిల్లా పేర్ల ఒత్తులు అలుక్కుపోతాయి, ఫోనులో వేళ్లతో సాగదీస్తే చుక్కలే పెద్దవవుతాయి. అక్షరాలను అక్షరాలుగానే ఉంచిన ఫైలు నేరుగా వస్తే, 'అన్నమయ్య'లోని నావత్తు, యావత్తు ఎంత పెంచినా నిండుగా నిలుస్తాయి. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్ మూడింటిలోనూ ఇవాళ తెలుగు ఫాంటు ముందే ఉంటోంది.