బీపీ పట్టీ కట్టని చేతులు

మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లకు గుండెజబ్బుల ముప్పు గురించి ఇవాళ చర్చ జరుగుతోందంటే, ముందు వాళ్లు పెద్దయ్యేదాకా బతుకుతున్నారని అర్థం. 1983లో అమెరికాలో డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు తేడా, మేధో వైకల్యానికి ఒక ముఖ్య కారణం) ఉన్నవాళ్లు సగటున పాతికేళ్లకే వెళ్లిపోయేవారు. ఇప్పుడు అరవై దాకా బతుకుతున్నారు.

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. దాన్ని సరిచేసే ఆపరేషన్లు వచ్చాక కూడా, 'ఇలాంటి పిల్లలకి చెయ్యాలా' అన్న ప్రశ్న చాలాకాలం మిగిలింది. కాలిఫోర్నియాలో 'ఫిలిప్ బి.' కేసు అలాంటిదే. పిల్లాడి గుండెలో రంధ్రం. ఆపరేషన్‌కి తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. మేం పోయాక ముసలితనంలో వీణ్ణి ఎవరు చూస్తారన్నది వాళ్ల బెంగ. మన ఇళ్లలోనూ వినబడే మాటే. 1979లో కోర్టు వాళ్ల పక్షానే నిలబడింది. అతన్ని కన్నబిడ్డలా చూసుకున్న మరో దంపతులు సంరక్షణ హక్కు కోసం పోరాడి గెలిచాక, 1983లో ఆపరేషన్ జరిగింది.

అలా బతికి బట్టకట్టినవాళ్లకు తర్వాత వేరే చిక్కు వచ్చింది. నడక తక్కువ, బరువు ఎక్కువ. దానికితోడు, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే తీవ్ర మానసిక జబ్బు) లేకపోయినా 'గొడవ చేస్తున్నాడు' అని ఏళ్ల తరబడి వేసే సైకోసిస్ మందులు బరువునీ షుగర్‌నీ పెంచుతాయి. అవసరం లేనివాళ్లకు ఈ మందులు తగ్గించాలని ఇంగ్లండ్‌లో 2016 నుంచి ప్రత్యేక కార్యక్రమమే నడుస్తోంది. అందరి గుండె ఒకేలా ఉండదు కూడా: డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో బీపీ సాధారణంగా తక్కువే, రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడమూ తక్కువే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఏ లక్షణాన్నయినా వైకల్యం ఖాతాలో రాసేయడం. ఆయాసంతో కూలబడితే మొండికేశాడంటారు. ఛాతీలో నొప్పని చెప్పలేక గుండెల మీద కొట్టుకుంటే, అది అలవాటేనంటారు. 2007లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే మెన్‌క్యాప్ సంస్థ ఇలా పోయిన ఆరుగురి కథలు బయటపెట్టాక బ్రిటన్ ఉలిక్కిపడింది. మరుసటి ఏడాది విచారణ నివేదిక వచ్చింది, వీళ్లకు ఏటా ఆరోగ్య పరీక్షలు మొదలయ్యాయి. అయినా 2013 నాటి అధ్యయనంలో తేలిందేమిటంటే, మిగతా జనంతో పోలిస్తే వీళ్లలో మగవాళ్లు 13 ఏళ్లు, ఆడవాళ్లు 20 ఏళ్లు ముందే చనిపోతున్నారు. అక్కడి డాక్టర్లు గుండెపోటు ముప్పు లెక్కగట్టే స్కోరులో మేధో వైకల్యాన్ని కలిపిన కొత్త రూపం 2024లో గానీ రాలేదు.

మనకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచే మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ ఉంది. వీళ్లకు వర్తించే ప్రభుత్వ ఆరోగ్య బీమా నిరామయ కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చులు వస్తాయి, మామూలు చెకప్‌లతో సహా. కానీ చెకప్ అంటే ముందు బీపీ చూడాలి కదా. పట్టీ బిగుసుకోగానే భయపడి చెయ్యి లాగేసుకుంటే, చీటీ మీద 'సహకరించలేదు' అని రాసి పంపేయడం తేలిక. అదే పట్టీ ముందు అమ్మ చేతికి కట్టి చూపించి, తర్వాత అతని చేతికిచ్చి కాసేపు ఆడుకోనిస్తే, రెండోసారో మూడోసారో కట్టించుకుంటాడు. దానికి కావలసింది ఇంకో పది నిమిషాలు.