బీపీ గోలీలు మిగిలిపోతుంటే మనసు సంగతి అడగండి

బీపీ దిగడం లేదని వచ్చినవాళ్లకు డోసు పెంచే ముందు, మందుల సంచీ తీసుకుని స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరుస్తాను. ఆ మధ్య ఒక పెద్దమ్మ వచ్చింది. భర్త పోయి ఐదు నెలలు. బీపీ 178/104. ముప్పై అమ్లోడిపిన్ గోలీలు ఇచ్చి పంపితే 25వ రోజున 17 అట్లనే ఉన్నాయి. "ఎంత చెప్పినా వినదు సార్, మొండితనం" అన్నాడు కొడుకు. ఆమె తలెత్తకుండానే అంది: "ఎవరి కోసం మింగాలె సారూ?"

అపోహ: గోలీలు వేసుకోకపోవడం నిర్లక్ష్యం. గట్టిగా మందలిస్తే దారికొస్తారు.

వాస్తవం: డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు స్నానం చేయడం, అన్నం తినడమే బరువు. మతిమరుపూ తోడవుతుంది. ఏ నొప్పీ తెలియని జబ్బుకు రోజూ గోలీ వేసుకోవడం వాళ్లకు ముందుగా తప్పిపోయే పని. మందలిస్తే వచ్చేసారి "వేసుకుంటున్నా" అని చెబుతారు. అది నమ్మి మేము రెండో మందు కలుపుతాం. తర్వాత ఏ ఆసుపత్రిలోనో చేరినప్పుడు అన్నీ లెక్కప్రకారం ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

అందుకే నేను ఇలా అడుగుతాను: "ఎవరికైనా అప్పుడప్పుడు తప్పిపోతుందమ్మా. పోయిన వారంలో ఎన్ని రోజులు తప్పింది?" తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు. గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? దిగులుగా, ఇక ఆశ లేదన్నట్టు ఉంటోందా? మా దగ్గర డిప్రెషన్ అన్న మాట ఎవరూ వాడరు. "పానం బాగుంటలేదు", "నిద్ర పడ్తలేదు", "కాళ్లు గుంజుతున్నయ్" అంటారు. ఆ మాటల వెనక ఏముందో మనమే చూడాలి.

చనిపోవాలనిపిస్తోందా అని ఆ పెద్దమ్మను నేరుగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అడిగినందుకు మనసు తేలికపడినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

అపోహ: టెన్షన్ తగ్గితే బీపీ దానంతటదే దిగుతుంది, గోలీలెందుకు?

వాస్తవం: కంగారులో బీపీ కాసేపు పెరుగుతుంది, నిజమే. ఏళ్ల తరబడి ఉన్న బీపీ మాత్రం మనసు కుదుటపడినంత మాత్రాన పోదు. రెండింటికీ కలిపి వైద్యం చేయాలి. అమెరికాలో బీపీ, డిప్రెషన్ రెండూ ఉన్న, 50 ఏళ్లు దాటిన 64 మంది మీద చేసిన ఒక చిన్న ప్రయోగం ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఒక జట్టుకు మామూలు వైద్యమే అందింది. రెండో జట్టుకు ఒక మనిషిని కేటాయించి, రెండు జబ్బుల గురించీ విడమరిచి చెప్పించి, మందులకు అడ్డమేమిటో కనుక్కుని సర్దించారు. ఆరు వారాలకు బీపీ మందులు సరిగా వేసుకున్నవాళ్లు మామూలు జట్టులో 31 శాతం, ఈ జట్టులో 78 శాతం. బీపీ కూడా వీళ్లకే తక్కువగా ఉంది. చిన్న ప్రయోగమే, కానీ నా గదిలో రోజూ చూసేదానికి సరిగ్గా సరిపోతుంది.

అపోహ: బీపీ గోలీల వల్లే దిగులు పట్టుకుంటుంది.

వాస్తవం: ఈ భయం సర్పగంధ నుంచి తీసిన రిసర్పిన్ అనే పాత బీపీ మందు కాలం నాటిది, 1950ల మాట. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్‌లకు అది అంటగట్టకండి. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మందులతో నీరసం, పాడు కలలు రావచ్చు. అలాగని వాటిని ఉన్నట్టుండి మానేస్తే గుండెకు ప్రమాదం. క్లోనిడిన్ అనే బీపీ మందు ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ ఎగదన్నుతుంది.

అపోహ: డిప్రెషన్ మందు, బీపీ మందు కలిపి వేసుకోకూడదు.

వాస్తవం: సెర్ట్రలిన్, ఎస్‌సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందులు చాలా బీపీ మందులతో కలిపి వాడుకోవచ్చు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈలోపు పనిచేయడం లేదని మానేయకండి. వెన్లాఫాక్సిన్ అనే ఇంకో డిప్రెషన్ మందు డోసు ఎక్కువైతే బీపీ పెంచుతుంది. పెద్ద వయసువాళ్లు క్లోర్‌థాలిడోన్ లాంటి నీరు తీసే గోలీ మీద ఉండి ఈ డిప్రెషన్ మందులు మొదలుపెడితే రక్తంలో సోడియం పడిపోవచ్చు. మొదటి వారాల్లో మాట తడబడినా, నడక తూలినా అది వయసని ఊరుకోకుండా సోడియం పరీక్ష చేయించండి. డాక్టరు ఎవరైనా సరే, రెండు రకాల స్ట్రిప్పులూ ఒకే సంచీలో పట్టుకెళ్లి చూపించండి.