హెచ్‌డీఆర్ అంటే రంగులు దట్టించడం కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గండికోటకు, లేపాక్షికి కెమెరాలు పట్టుకొని వెళ్లేవాళ్లు మన సీమలో బాగా పెరిగారు. వాళ్లలో హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) ఫొటోలు తీయడం నేర్పమని అడిగేవాళ్లూ ఎక్కువే. వాళ్ల మాటల్లో తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: రంగులు కొట్టొచ్చినట్టు కనిపిస్తేనే హెచ్‌డీఆర్.

రంగులతో దీనికి సంబంధం లేదు. ఎండకూ నీడకూ మధ్య తేడా కెమెరా పట్టగలిగినంత కంటే ఎక్కువైతే, ముదురుగా, లేతగా వేర్వేరు షాట్లు తీసి కలిపి, రెండింటినీ ఒకే ఫొటోలో నిలిపే పద్ధతి ఇది. 1850లలోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకొకటి తీసి, రెండూ కలిపి ఒకే ప్రింటు వేశాడు. అవి రంగుల ఫొటోలు కావు.

ఇంక కొండ అంచు వెంబడి కనిపించే తెల్లటి చార సంగతి. దాన్ని హాలో అంటారు. టోన్ మ్యాపింగ్‌లో, అంటే కలిపిన ఫొటోలోని వెలుగునీడల్ని తెరపై కనిపించేలా కుదించేటప్పుడు, స్లయిడర్లు చివరిదాకా లాగితే వస్తుంది. లోయ అంచూ ఆకాశమూ కలిసే చోట జూమ్ చేసి చూడండి, చార ఉంటే లోకల్ కాంట్రాస్ట్ (పక్కపక్క భాగాల మధ్య వెలుగునీడల తేడా) తగ్గించండి. గండికోట రాయి అసలే ఎర్రన. శాచురేషన్ (రంగుల గాఢత) పెంచేకొద్దీ రెడ్ ఛానల్ నిండిపోయి రాతి పొరలు ముద్దగా కలిసిపోతాయి. ఆ పొరల కోసమే కదా అంత దూరం వెళ్లింది!

అపోహ: ఏ ఫొటోకైనా మూడు షాట్లు తీసి కలపాల్సిందే.

అక్కర్లేదు. ఎండ మన వీపు వైపు నుంచి పడుతుంటే కొండారెడ్డి బురుజుకు ఒక్క రా ఫైలు (సెన్సర్ పట్టిన సమాచారాన్ని కుదించకుండా దాచే ఫైలు) చాలు. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) రెండు చివర్లా తెగిపోకుండా ఉంటే కలపడానికి పనే లేదు.

అపోహ: ఎక్స్‌పోజర్ మైనస్ 2, సున్నా, ప్లస్ 2 స్టాపులు పెట్టి మూడు షాట్లు తీస్తే ఎక్కడైనా సరిపోతుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వెలుతురును ముందు కొలవాలి. గండికోట మాధవరాయ ఆలయ మండపం లోపల నిలబడి బయటికి తీస్తున్నారనుకోండి. అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) ఎఫ్8, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందన) 100. బయటి ఎండకు షట్టర్ 1/500, లోపలి స్తంభాల చెక్కడానికి 1/8 చూపిస్తే, తేడా 6 స్టాపులు. ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు కాబట్టి 64 రెట్లు. అప్పుడు 1/500, 1/125, 1/30, 1/8, ఇలా నాలుగు షాట్లు తీయాలి. మార్చేది షట్టర్ స్పీడ్ ఒక్కటే. అపర్చర్ మారితే ఎంతమేర స్పష్టంగా ఉండాలో అదీ మారిపోతుంది, షాట్లు సరిగ్గా కలవవు. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో పెట్టి వదిలేయండి.

అపోహ: ట్రైపాడ్ లేకపోతే కుదరదు.

ఉంటే మంచిదే. కానీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. లేనప్పుడు ఆటో బ్రాకెటింగ్‌తో (కెమెరానే ఎక్స్‌పోజర్ మారుస్తూ వరుస షాట్లు తీయడం) పాటు బరస్ట్ మోడ్ (వేగంగా వరుసగా తీయడం) పెట్టి, భుజం ఏ గోడకో ఆనించి, ఒక్క ఊపిరిలో తీసేయండి. చిన్న చిన్న కదలికల్ని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. 1/8 లాంటి నెమ్మది షాట్‌కు మాత్రం చెయ్యి నిలవదు, ఐఎస్ఓ పెంచి షట్టర్ వేగం పెంచుకోండి.

అపోహ: ఒకే జేపెగ్‌ను ముదురుగా, లేతగా మూడు కాపీలు చేసి కలిపితే హెచ్‌డీఆర్ అవుతుంది.

కాదు. తెల్లగా కాలిపోయిన ఆకాశంలో మేఘం వివరమే రికార్డు కాలేదు, కాపీలు ఎన్ని చేసినా రాదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ కొనాలి.

డార్క్‌టేబుల్, ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్, హుగిన్ మూడూ ఉచితమే. నేర్చుకోవడానికి ఇవి చాలు.

అపోహ: కదిలే జనాన్నీ ఇలాగే తీయొచ్చు.

షాటుకూ షాటుకూ మధ్య మనిషి జరిగితే ఫొటోలో దయ్యంలా రెండు మూడు చోట్ల కనిపిస్తాడు. డీఘోస్ట్ ఆప్షన్ ఆ చోటును ఒక్క షాట్ నుంచే తీసుకుంటుంది కాబట్టి అక్కడ నాయిస్ (చుక్కల్లాంటి గరుకుదనం) పెరగొచ్చు. ఒంటిమిట్ట కోదండరామాలయం దగ్గర భక్తులే మీ ఫొటోకు ప్రాణమైతే బ్రాకెటింగ్ మానేయండి. ఆకాశం కాలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి ఒకే రా ఫైలు తీసి, నీడల్ని ఇంటికొచ్చాక పైకి లేపండి.