పొలానికి తనిఖీ వచ్చినప్పుడు: అపోహలు - వాస్తవాలు

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండలంలో బిందు సేద్యం (డ్రిప్), ఈ-పంట (ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం ట్యాబ్‌లో రాసుకొనే) నమోదు పనులు చూసే ఉద్యోగిగా ఏటా ఎన్నో పొలాల గట్లు ఎక్కి దిగుతుంటాను. నా మోటారు సైకిలు చేను పక్కన ఆగగానే చాలామంది రైతులు అడిగే మొదటి మాట ఒక్కటే: "సార్, మా మీద ఎవరన్నా కంప్లైంట్ పెట్టారా?" అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: ఎవరో ఫిర్యాదు చేస్తేనే తనిఖీకి వస్తారు.

వాస్తవం: పీఎం కిసాన్ లబ్ధిదారుల్లో ఏటా 5 శాతం మందిని క్షేత్రస్థాయిలో పరిశీలించాలని ఆ పథకం నిబంధనల్లోనే ఉంది. ఆ 5 శాతంలో పేరు రావడానికి తప్పు చేసి ఉండనక్కరలేదు. డ్రిప్ సంగతికి వస్తే, పరికరాలు అమర్చక ముందు ఒకసారి, అమర్చిన తర్వాత ఒకసారి పొలం చూడనిదే రాయితీ విడుదలకు ఫైలు కదలదు.

అపోహ: చేను బీడుగా కనిపిస్తే పీఎం కిసాన్ డబ్బు ఆగిపోతుంది.

వాస్తవం: తనిఖీ ఉందని తెలిసి ముందురోజు హడావిడిగా దుక్కి దున్నించిన రైతులను చూశాను, ఆ డీజిల్ ఖర్చు దండగ. ఏటా మూడు విడతల్లో వచ్చే రూ. 6,000 సాగు భూమి యజమానికి ఇచ్చేదే తప్ప, ఆ సీజన్‌లో వేసిన పంటకు ఇచ్చేది కాదు. మేము చూసేది వేరు: లబ్ధిదారు జీవించి ఉన్నారా, వన్‌బీలో (భూమి యజమాని వివరాలుండే రెవెన్యూ రికార్డులో) పేరు ఉందా, భార్యాభర్తల్లో ఎవరైనా కిందటి ఏడాది ఆదాయపు పన్ను కట్టారా, నాలుగో తరగతి ఉద్యోగం కాని సర్కారు కొలువులో ఉన్నారా, నెలకు రూ. 10,000 లేదా అంతకు మించి ఉద్యోగ విరమణ పింఛను వస్తోందా అన్నవే. ఎక్కువగా చిక్కు వచ్చేది చనిపోయినవారి పేర్లతోనే. తండ్రి పోయాక కూడా ఖాతాలో విడతలు పడుతుంటే కొడుకులు మాట్లాడకుండా ఊరుకుంటారు, ఆ తర్వాత ఆ సొమ్ము తిరిగి కట్టమని నోటీసు వస్తుంది. 2019 ఫిబ్రవరి 1 తర్వాత చేతులు మారిన భూమికి ఈ పథకం వర్తించకపోయినా, వారసత్వంగా వచ్చిన భూమికి మినహాయింపు ఉంది కాబట్టి, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకొని వారసులు తమ పేరుతో దరఖాస్తు పెట్టుకోవడమే మేలు.

అపోహ: డ్రిప్ తనిఖీ అంటే సంతకం పెట్టి ఫోటో దిగడమే.

వాస్తవం: నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇదే, ఎందుకంటే దీనివల్ల నష్టపోయేది రైతే. రాయితీ సొమ్ము రైతు ఖాతాకు రాదు, పరికరాలు అమర్చిన కంపెనీకి వెళుతుంది. ట్రయల్ రన్ (నీళ్లు వదిలి చూడడం) బాగా జరిగిందని రైతు సంతకం చేశాక కంపెనీవాళ్లను మళ్లీ పొలానికి రప్పించడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. పైగా అదే భూమికి మరో ఏడేళ్ల వరకు రాయితీ రాదు. కాబట్టి మోటారు వేయించి, బోరు దగ్గర కాకుండా, చివరి సాలు దాకా నడిచి వెళ్లాలి. అక్కడ ల్యాటరల్ (సాలు వెంట పరిచిన సన్న పైపు) చివర మడత విప్పి, మట్టి కొట్టుకుపోయి తేట నీరు వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాత మళ్లీ మడత బిగించి, గంటకు 4 లీటర్లు ఇవ్వాల్సిన డ్రిప్పర్ కింద మూడు నిమిషాలు గ్లాసు పెడితే సుమారు 200 మిల్లీలీటర్లు పడాలి. మొదటి సాలులో అంతా వచ్చి, చివరి సాలులో 120 దగ్గరే ఆగిపోతే, సబ్ మెయిన్ (ల్యాటరల్‌లకు నీళ్లు అందించే) పైపు సైజులోనో, ఫిల్టరులోనో, మోటారు ఒత్తిడిలోనో లోపం ఉన్నట్టే. ఇన్‌లైన్ పైపు (డ్రిప్పర్లు లోపలే ఉండే పైపు) మీద ఐఎస్ 13488 అన్న నాణ్యతా ప్రమాణం గుర్తు అచ్చయి ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఈ పరీక్ష చేయమని రైతు అడిగితే కోప్పడే ఉద్యోగి ఉంటే, సంతకం ఆపేయడానికి ఆ కోపమే చాలినంత కారణం.

అపోహ: ఈ-పంటలో పేరుంటే చాలు, ఏ పంట రాస్తే ఏం?

వాస్తవం: ఒక వర్షాకాలంలో నీట మునిగిన మిరప తోటలో నష్టం లెక్కించడానికి వెళ్లాం. మొక్కలు వేరుకుళ్లుతో వాలిపోయి ఉన్నాయి, పరిహారానికి కావాల్సిన 33 శాతం నష్టం దాటిందనడంలో ఎవరికీ సందేహం లేదు. ట్యాబ్ తెరిస్తే ఆ సర్వే నంబరు ఎదుట పత్తి అని ఉంది. నమోదు రోజున రైతు ఊళ్లో లేకపోవడంతో పక్క చేను రైతు "పోయినేడు వేసిందే వేసుంటాడు" అన్నాడట, నమోదు చేసినవారు చేలోకి దిగకుండా అదే రాశారట. తప్పు మా వైపుదే అయినా, దాన్ని సరిచేయించడానికి ఆ రైతు మూడు వారాలు తిరిగాడు. ఫోటోతో పాటు అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదయ్యే ఈ పద్ధతిలో రోడ్డు మీద నిలబడి ఫోటో తీస్తే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. కాబట్టి నమోదు రోజున రైతు చేలోనే ఉండి, వేలిముద్ర వేసే ముందు తెర మీది పంట పేరు, విస్తీర్ణం చదివించుకోవడం ఆయన హక్కు. కౌలు రైతులైతే సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కు పత్రం) దగ్గర పెట్టుకోవాలి. అది లేకపోతే సాగు చేసింది ఒకరు, నష్టపరిహారం అందేది మరొకరికి అన్నట్టు అవుతుంది.

అపోహ: తనిఖీకి వచ్చినవారికి ఎంతో కొంత ముట్టజెప్పాలి.

వాస్తవం: తనిఖీకి ఎలాంటి రుసుమూ లేదు. మజ్జిగ ఇస్తే తాగుతాం, అంతవరకే.

అపోహ: ఒకసారి రాశాక మార్చలేరు.

వాస్తవం: ఈ-పంట వివరాల ముసాయిదా జాబితాను సామాజిక తనిఖీ (ఊళ్లోవారంతా సరిచూసుకోవడం) కోసం రైతు సేవా కేంద్రంలో ప్రదర్శిస్తారు, అభ్యంతరాలు అప్పుడే తీసుకుంటారు. అందులో సాగుదారు పేరు, పంట, విస్తీర్ణం అన్న మూడు గడులు చూసుకొని, తేడా ఉంటే రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోవాలి. మిరప రైతు దగ్గర ఆ నకలు ఉండి ఉంటే మూడు వారాల తిరుగుడు తప్పేది.