అపోహలు - వాస్తవాలు: వీసా మీద ఉన్నవాళ్ళు, చేతిలో గన్, ఇన్‌స్టాలో ఫొటో

థాంక్స్‌గివింగ్ సెలవులు అయిన సోమవారం పొద్దున్నే నాకు ఒక ఫోన్ తప్పకుండా వస్తుంది. "అక్కా, చిన్న డౌట్. వీకెండ్ ఫ్రెండ్స్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాం. ఫొటోలు పెట్టాను. మా రూమ్మేట్ ఏదేదో చెప్పి భయపెడుతున్నాడు. ఏం కాదు కదా?"

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇమిగ్రేషన్ కేసులు చూసే లాయర్‌ని నేను. ఏడాది మారుతుంది, గొంతు మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే. ముందు కాసిని మంచినీళ్ళు తాగమంటాను. తర్వాత మెల్లగా అసలు విషయం చెబుతాను. ఒక్కొక్కరికి విడివిడిగా చెబుతున్నదే ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను.

అపోహ: "గన్ కొనకపోతే చాలు, రేంజ్‌లో కాల్చుకోవచ్చు. టెక్సస్‌లో అయితే లైసెన్సే అక్కర్లేదు."

మనవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువ ముంచుతున్నది ఈ మాటే. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ వెంట పెట్టుకోవచ్చన్నది నిజమే. అయితే అది చట్టం చెప్పిన వయసు నిండి, వేరే ఏ చట్టమూ అడ్డు చెప్పనివాళ్ళకు. వాట్సాప్‌లో ముందు సగం తిరుగుతోంది, వెనక సగం ఎక్కడో రాలిపోయింది. ఆ అడ్డు చెప్పే చట్టమే దేశమంతటికీ వర్తించే 1968 నాటి ఫెడరల్ చట్టం, గన్ కంట్రోల్ యాక్ట్. అందులో సెక్షన్ 922(జి) ఎవరెవరి దగ్గర గన్ ఉండకూడదో వరుసగా చెబుతుంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళను 1998లో ఆ వరుసలో చేర్చారు. అంతకుముందు ఏడాది ఫిబ్రవరిలో ఒక విజిటర్ ఫ్లోరిడాలో గన్ కొని, న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైన కాల్పులు జరిపాడు. ఎఫ్-1 (విద్యార్థులది), హెచ్-1బి (ఉద్యోగులది), హెచ్-4 (వాళ్ళ కుటుంబాలది) అన్నీ ఈ నిషేధం కిందికే వస్తాయి. పదేళ్ళుగా పన్నులు కడుతున్నా, గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అప్రూవ్ అయినా, గ్రీన్ కార్డు చేతికి రానంతవరకూ మీరు ఆ వరుసలోనే ఉన్నారు.

చట్టం అడిగేది గన్ ఎవరిదని కాదు, ఎవరి దగ్గర ఉందని. అద్దెకు తీసుకున్నది, ఫ్రెండ్ ఇచ్చింది, పది నిమిషాలు పట్టుకున్నది, ఏదైనా ఇంతే. చేతిలో లేకపోయినా, కావాలంటే తీసుకోగలిగేలా మీ అదుపులో ఉందని తేలినా "పొసెషన్" అనొచ్చు. ఒక్క బుల్లెట్‌కైనా ఇదే లెక్క. 2022లో గరిష్ఠ శిక్షను 10 ఏళ్ళ నుంచి 15 ఏళ్ళకు పెంచారు. తెలిసీ మీకు గన్ ఇచ్చిన ఫ్రెండ్ మీదా కేసు పెట్టొచ్చు, అతను సిటిజన్ అయినా సరే.

నాకు జైలుకన్నా భయం వేసేది తర్వాతి సంగతి. ఈ సెక్షన్ కింద శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని "అగ్రవేటెడ్ ఫెలనీ" అంటుంది. హత్య ఉన్న జాబితాలోనే ఇదీ ఉంది. జడ్జి దయతలచి కొద్ది నెలలతో సరిపెట్టినా, డిపోర్టేషన్‌ను ఆపే దారులు చాలావరకు మూసుకుపోతాయి.

"రేంజ్‌లో కాల్చినందుకు ఎవరినైనా పట్టుకున్నారా అక్కా?" అని అడుగుతారు. పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. యూఏఈ నుంచి ఎఫ్-1 మీద ఫ్లోరిడాకు వచ్చిన విద్యార్థి. మార్కులు రాక కాలేజీ తీసేసింది, స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే హోదా) పోయింది. తర్వాత ఒక ఫైరింగ్ రేంజ్‌కి వెళ్ళి రెండు గన్‌లు కాల్చాడు. 18 నెలల శిక్ష పడింది. 2019లో రిహైఫ్ కేసుగా వచ్చిన ఆ తీర్పులో, తన స్టేటస్ ఏమిటో నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 7-2 తేడాతో చెప్పారు. ఇది చదివి "నాకు రూల్ తెలియదు కదా, బయటపడతాను" అనుకునేవాళ్ళు ఉన్నారు. తెలియాల్సింది స్టేటస్, రూల్ కాదు. ప్రతి మూడేళ్ళకూ మీ వీసా కాగితాల మీద సంతకం పెడుతున్నది మీరే కదా, మీ స్టేటస్ మీకు తెలియదని ఏ జ్యూరీ నమ్ముతుంది?

ప్రతి ఫొటోకూ గన్ చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వాళ్ళు వచ్చి తలుపు తట్టరు. ఇది కూడా చెప్పకపోతే తప్పవుతుంది, ఎందుకంటే ఒక్క సెల్ఫీ కోసం నెలరోజులు నిద్రపోని పిల్లల్ని చూశాను నేను. కాకపోతే ఇంకేదో గొడవ వచ్చినప్పుడు, రూమ్మేట్‌తో పేచీయో, స్టేటస్ సమస్యో, ఆ పాత ఫొటో బయటికి వస్తుంది. చాలా రేంజ్‌లలో ట్యాబ్ మీద వేలితో సంతకం పెట్టించుకుంటారు. "గన్ పట్టుకోకూడనివాళ్ళలో నేను లేను" అనే వాక్యం అందులో ఉంటుంది. చదవకుండానే పెట్టేస్తారు మనవాళ్ళు.

మినహాయింపు ఒకటుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. రేంజ్‌కి వెళ్ళకముందే అది చేతిలో ఉండాలి, వెళ్ళొచ్చాక కొంటే లాభం లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకు వెళ్ళాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కూడా చేయాలి. అక్కడ హంటింగ్ లైసెన్స్ సాధారణంగా ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తది తీసుకోకపోతే, సెప్టెంబర్ 1 పొద్దున్న బీరువాలో ఉన్న అదే రైఫిల్ నేరం అవుతుంది. ఇలా రెన్యువల్ మర్చిపోయిన ఒక హెచ్-1బి అబ్బాయి, భార్య నిండు నెలలతో ఉండగా, లైసెన్స్ కాగితం పట్టుకుని నా ఆఫీసులో కూర్చున్నాడు. తేదీ ఉన్నచోట వేలు పెట్టి రుద్దుతూనే ఉన్నాడు. ఆ వేలు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

దసరా సంగతి కూడా చెప్పాలి. ఒక బంధువుల ఇంటికి ఆయుధ పూజకు వెళ్ళాను. అమ్మవారి ముందు కారు తాళాలు, ల్యాప్‌టాప్, కూరగాయల కత్తి, పక్కనే బాబాయ్ గారి పిస్టల్, దానికి కుంకుమ బొట్టు. ఆయన సిటిజన్, ఆయనకు ఇబ్బంది లేదు. హెచ్-1బి మీద ఉన్న వాళ్ళ అన్న కొడుకు హారతయ్యాక దాన్ని కళ్ళకద్దుకుని ఫొటోకి నిలబడబోయాడు. అక్షింతలు చేతిలో ఉండగానే "నాన్నా, కింద పెట్టు" అని అరిచాను. పూజలో అరిచినందుకు పిన్ని నొచ్చుకుంది. నొచ్చుకున్నా పర్లేదనుకున్నాను.

గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్ట్ చేసే పిల్లలది మాత్రం వేరే బాధ. ఓనర్ కౌంటర్ కింద గన్ పెట్టి "అవసరమైతే తీసుకో" అంటాడు. ఇలాంటి షాపుల్లో దొంగల కాల్పులకు మన పిల్లలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం, కాబట్టి భయపడొద్దని నేను అనలేను. కానీ అది తాళం వేసిన పెట్టెలో ఉండాలి, ఆ తాళం చెవి మీ దగ్గర ఉండకూడదు. అనుమతి లేకుండా చేసే పని అయితే స్టేటస్ అక్కడే పోయిందని గుర్తుంచుకోండి. పెప్పర్ స్ప్రేకి టెక్సస్‌లో అడ్డు లేదు.

అపోహ: "ఫొటో పెట్టడం నా ఇష్టం, ఫస్ట్ అమెండ్‌మెంట్ ఉంది."

ఉంది. మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చే ఆ రాజ్యాంగ సవరణ వీసా మీద ఉన్నవాళ్ళకూ ఉంది, సుప్రీంకోర్టులో 1945 బ్రిడ్జెస్ కేసు నుంచీ ఆ మాట వింటున్నాం. గన్ హక్కుల గురించి మీరు ఏ పక్షం వాదించినా, ఏటీఎఫ్‌ను ఎంత తిట్టినా అది మీ మాట, మీ హక్కు. కానీ హీరో ఎంట్రీ మ్యూజిక్ పెట్టి వదిలిన రీల్‌లో నేరం రీల్ కాదు, అందులో మీ చేతిలో ఉన్నది. రీల్ సాక్ష్యం మాత్రమే. బెదిరింపు అయితే మాటే నేరం. "రేపు ఆఫీసుకొచ్చి ఒక్కొక్కడి పని పడతా" అని కోపంలో రాసి పక్కన గన్ ఎమోజీ పెడితే, ఎదుటివాళ్ళు ఎలా తీసుకుంటారో తెలిసీ లెక్కచేయకపోవడం చాలని 2023లో కౌంటర్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక కాన్సులేట్ కిటికీ ముందు నిలబడ్డప్పుడు ఈ హక్కు మీద ఆధారపడలేం. 2019 నుంచి వీసా ఫారంలో సోషల్ మీడియా ఖాతాలు అడుగుతున్నారు. విద్యార్థులకు 2025 జూన్ నుంచి, హెచ్-1బి, హెచ్-4 వాళ్ళకు డిసెంబర్ 15 నుంచి ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు.

"అయితే ఇప్పుడే డిలీట్ చేసేస్తాను" అంటారు వెంటనే. ఆగండి. విచారణ వస్తుందని తెలిసి తీసేస్తే అది సాక్ష్యం చెరిపేయడం, దానికి 20 ఏళ్ళదాకా శిక్ష ఉంది. ముందు లాయర్‌తో మాట్లాడండి. ఏజెంట్లు వస్తే మౌనంగా ఉండే హక్కు మీకుంది. "లాయర్ లేకుండా మాట్లాడను" అనండి చాలు. అబద్ధం మాత్రం చెప్పకండి, అదే వేరే నేరం.

మిగతావి గబగబా. "మా కౌంటీ షెరిఫ్ ఫెడరల్ గన్ చట్టాలు అమలు చేయనన్నాడు": చేయకపోవచ్చు, సుప్రీంకోర్టు 1997 ప్రింట్జ్ తీర్పు ఆయనకు ఆ వెసులుబాటు ఇచ్చింది. ఫెడరల్ ఏజెంట్లను మాత్రం ఆయన ఆపలేడు. "గ్రీన్ కార్డున్న బావ కొని నాకిస్తాడు": అది స్ట్రా పర్చేజ్, అంటే వేరేవాళ్ళ కోసం తన పేరు మీద కొనడం. కొనుక్కునే అర్హత ఉన్న మామయ్య కోసం కొన్నా సరే, గన్ కొనేటప్పుడు నింపే ఫారం 4473లో తన కోసమేనని రాయడం తప్పేనని 2014లో సుప్రీంకోర్టులో అబ్రామ్‌స్కీ కేసులో తేలింది. "కొలరాడోలో గంజాయి లీగల్": ఫెడరల్ చట్టంలో కాదు. గన్‌తో కలిస్తే గ్రీన్ కార్డు వాళ్ళకూ చిక్కే.

ఇండియా వెళ్ళేవాళ్ళు బ్యాగు చూసుకోండి. పోయిన శీతాకాలం శంషాబాద్ నుంచి అర్ధరాత్రి ఒకమ్మాయి ఫోన్ చేసింది. తిరుగు ప్రయాణంలో స్క్రీనింగ్‌లో బ్యాగు పక్క జేబులోంచి ఒక బుల్లెట్ బయటపడింది. బ్యాగు వాళ్ళ బావది, ఆయన రేంజ్‌కి వాడేది. ఆమెకు అందులో ఏముందో తెలియదు. 1959 ఆయుధాల చట్టం కింద కేసు రాశారు, ఫ్లైట్ వెళ్ళిపోయింది. తెలిసి దగ్గర పెట్టుకుంటేనే నేరమని మన కోర్టులూ అంటాయి, కానీ ఆ మాట కోర్టులో అనిపించుకోవడానికి వకీలు కావాలి, నెలలు కావాలి. ఆమెకు స్టాంపింగ్ అయిన వీసా ఉంది, డాలస్ పక్కన ప్లేనోలో మూడేళ్ళ పాప ఉంది. "బ్యాగు సర్దేముందు దుప్పటి పరిచి దులిపి ఉంటే బాగుండేది అక్కా" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.