జంటగా స్నార్కెలింగ్ సెలవులు: రిసార్ట్ గైడ్‌గా నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఒక ద్వీపంలోని రిసార్ట్‌లో స్నార్కెలింగ్ గైడ్‌గా పని చేస్తున్నాను. కళ్లూ ముక్కూ కప్పే మాస్క్ పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, నీళ్ల మీద తేలుతూ కిందికి చూడటమే స్నార్కెలింగ్. మా దగ్గరికి వచ్చేవాళ్లలో జంటలే ఎక్కువ. పొద్దున కాసేపు నీళ్లలో చేపలు చూడటం, మధ్యాహ్నం ఓ కునుకు, సాయంత్రం ఒడ్డున తీరిగ్గా భోజనం. సెలవులకు ఇంతకన్నా మంచి ప్లాన్ నాకు తెలీదు. దాన్ని పాడుచేసేవి సొరచేపలో తుపానులో కావు, ఎక్కడో విని నమ్మేసిన మాటలే. మాస్కులూ, కాళ్లకు తొడిగే ఫిన్సూ ఇచ్చే బల్ల దగ్గర ఆ మాటలు రోజూ వింటుంటాను. అవి చాలావరకు నీళ్లలో తొందరపడటానికే దారితీస్తాయి.

అపోహ: ఈత బాగా వచ్చినవాళ్లకు స్నార్కెలింగ్ ఒక లెక్క కాదు. రానివాళ్లు ఒడ్డున కూర్చోవాల్సిందే.

వాస్తవం: రెండూ తప్పే. ఇక్కడ చేయాల్సింది ఈదడం కాదు, బోర్లా తేలడం. ఉప్పునీరు మనిషిని బాగానే పైకి తేలుస్తుంది, లైఫ్ జాకెట్ తోడైతే శ్రమ ఇంకా తగ్గుతుంది. ఈత రానివాళ్లకు కూడా నడుము లోతు లగూన్‌లో (పగడపు దిబ్బ అడ్డుగా ఉండి అలలు తక్కువగా ఉండే నీళ్లలో), గైడ్ చెయ్యి అందేంత దూరంలో ఉండి చక్కగా చేపలు చూపించవచ్చు. వాళ్లు నేర్చుకోవాల్సింది ముఖం నీళ్లలో పెట్టి నోటితో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం. అది కొందరికి పది నిమిషాల్లో వస్తుంది, కొందరికి రెండు రోజులు పడుతుంది. రెండూ మామూలే.

నాకు టెన్షన్ పెట్టేది ఈత వచ్చి, మొదటి నిమిషం నుంచే వేగంగా వెళ్లిపోయేవాళ్లు. గొట్టంలోంచి గాలి పీల్చాలంటే మామూలు కన్నా కాస్త ఎక్కువ బలం పెట్టాలి. పైగా మనం వదిలిన గాలి కొంత గొట్టంలోనే మిగిలిపోయి తర్వాతి శ్వాసతో మళ్లీ లోపలికి వస్తుంది. లోతుగా, నిదానంగా పీలిస్తే తాజా గాలి సరిపడా అందుతుంది. ఆయాసపడుతూ చిన్న చిన్న శ్వాసలు తీస్తే ఆ పాత గాలే తిరుగుతూ ఉంటుంది. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, కంగారు పుడుతుంది, ఆ కంగారుకు ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది.

హవాయిలో నీళ్లలో చనిపోయే పర్యాటకుల్లో చాలామంది స్నార్కెలింగ్ చేస్తుండగానే పోతుండటంతో అక్కడ దీని మీద ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. గొట్టంలోంచి గాలిని బలంగా లాగాల్సి రావడం, శ్రమ, ముందే ఉన్న గుండె సమస్య కలిస్తే, నీళ్లు మింగకపోయినా ఊపిరితిత్తుల్లో ద్రవం చేరి ఆక్సిజన్ పడిపోయే ప్రమాదం ఉందని అందులో చెప్పారు. కాబట్టి బీపీ, గుండె సమస్యలు ఉన్నవాళ్లు ప్రయాణానికి ముందే డాక్టర్‌ని అడగాలి. నీళ్లలో ఉన్నట్టుండి ఊపిరి ఆడనట్టు అనిపించినా, కాళ్లూ చేతుల్లో బలం పోయినట్టున్నా ‘ఇంకాస్త దూరమే కదా’ అనుకోవద్దు. గొట్టం తీసేసి వెల్లకిలా తిరిగి సాయానికి పిలవండి. కాళ్లు అందే చోటైతే నిలబడండి. మొదటి రోజు కాళ్లు అందే చోటే ఉండమని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: మాస్క్‌లోకి నీళ్లు వస్తే పట్టీ ఇంకా బిగించాలి.

వాస్తవం: చాలాసార్లు పట్టీ బిగించడం వల్లే నీళ్లు వస్తాయి. ఈమధ్య ఒక జంటను చూశాను. ఆవిడ మాస్క్‌లోకి నీళ్లు వచ్చినప్పుడల్లా ఆయన పట్టీ ఒక మెట్టు లాగుతున్నారు. ఆవిడ నుదుటి మీద ఎర్రటి గీత పడింది, కళ్లలో ఉప్పునీళ్లు, ఇక రూముకి వెళ్లిపోదామంటున్నారు. మాస్క్ తీయించి చూస్తే, కణత దగ్గర రెండు మూడు వెంట్రుకలు సిలికాన్ అంచు కింద ఇరుక్కుని ఉన్నాయి. వాటిని వెనక్కి తోసి, పట్టీ వదులు చేసి, చెవుల పైనుంచి తల వెనక ఎత్తుగా పెట్టాను. తర్వాత చుక్క రాలేదు. ఆవిడ ముఖం నీళ్లలో పెట్టి కాసేపు కదల్లేదు. ఆ తర్వాత గొట్టంలోంచే పెద్దగా కేక వేశారు, ఆయన చెయ్యి పట్టుకుని కిందికి చూపిస్తూ. పసుపు, నలుపు చారల చేపల గుంపు ఆవిడ మోకాళ్ల పక్కనుంచి వెళ్తోంది.

మాస్క్ సైజు చూసుకోవడానికి పట్టీ అక్కర్లేదు. ముఖానికి ఆనించి ముక్కుతో కొద్దిగా గాలి లోపలికి పీల్చండి. చేతులు వదిలినా మాస్క్ అలాగే అంటుకుని ఉంటే అది మీకు సరిపోయినట్టే. మీసం ఉన్నవాళ్లకు ముక్కు కింద అంచు సరిగ్గా కూర్చోదు, అక్కడ కొద్దిగా కత్తిరించుకుంటే చాలు. కొత్త మాస్క్ అద్దం మీద తయారీలో మిగిలిన సన్నటి పొర ఉంటుంది, ఆవిరి పట్టేది ఎక్కువగా దానివల్లే. టూత్‌పేస్ట్‌తో లోపలివైపు రుద్ది కడిగేయండి. ఆ తర్వాత ప్రతిసారీ ఒక చుక్క బేబీ షాంపూ రాసి, పైపైన కడిగితే సరిపోతుంది.

ముఖమంతా కప్పే మాస్కుల గురించి కూడా అడుగుతుంటారు. కొత్తవాళ్లకు నేను అవి ఇవ్వను. మామూలు స్నార్కెల్‌ని కంగారులో నోటితో ఉమ్మేయవచ్చు, ముఖమంతా కప్పే మాస్క్‌ని అంత తేలిగ్గా వదిలించుకోలేరు. నీళ్లలో కిందికి వెళ్తే చెవుల ఒత్తిడి సర్దుకోవడానికి ముక్కు మూసే వీలు కూడా వాటిలో చాలావాటికి ఉండదు.

అపోహ: ఇద్దరం కలిసే ఉంటాం కదా, ఒకరినొకరం చూసుకుంటాం.

వాస్తవం: ఒడ్డు మీద ఈ మాట నిజమే. నీళ్లలో ఇద్దరి కళ్లూ కిందికే ఉంటాయి. ఒకరు తాబేలు వెంట పడతారు, ఒకరు పగడం దగ్గర ఆగిపోతారు, తలెత్తి చూసేసరికి మధ్యలో చాలా దూరం. మునిగిపోతున్న మనిషి సినిమాల్లోలాగా చేతులు కొట్టుకుంటూ అరవడం చాలా అరుదు. నోరు నీళ్ల మీదికి వచ్చినంతసేపూ ఊపిరికే సరిపోదు, ఇంక అరుపెక్కడిది? పక్కన ఉన్నవాళ్లకు కూడా తెలియకుండా జరిగిపోతుంది.

అందుకే జంటలకు ముందే కొన్ని చెప్తాను. పక్కపక్కనే తేలండి, ఒకరి వెనక ఒకరు వద్దు. ఇద్దరిలో ఎవరు నెమ్మదో వాళ్లదే వేగం, ఎటు వెళ్లాలో కూడా వాళ్లే చెప్పాలి. కొన్ని నిమిషాలకోసారి ఇద్దరూ తలెత్తి ఒడ్డు ఎక్కడుందో చూసుకోండి. ప్రవాహానికి ఎదురుగా మొదలుపెట్టండి, అలసిపోయాక అదే మిమ్మల్ని వెనక్కి తెస్తుంది. ఒకరు కిందికి డైవ్ చేస్తే రెండోవారు పైనుంచి చూస్తూ ఉండాలి. డైవ్‌కి ముందు గబగబా పెద్ద శ్వాసలు తీసుకుంటే ఎక్కువసేపు ఉండొచ్చని కొందరికి నమ్మకం. దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, ఊపిరి తీసుకోమని హెచ్చరించే కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. హెచ్చరిక రాకముందే నీళ్లలో స్పృహ తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు పోయేది ఇలాగే.

సైగలు కూడా మాట్లాడుకోండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే ‘బాగున్నాను’ అని. బొటనవేలు పైకి చూపిస్తే డైవింగ్ భాషలో ‘పైకి వెళ్దాం’ అని. నీళ్లలోంచి ఒడ్డు వైపు చెయ్యి ఊపడం సాయం కోసం పిలవడం, కాబట్టి సరదాకి ఊపకండి.

ఇంకో మాట. మీలో ఒకరికి ముందే వచ్చినా సరే, రెండోవారికి మొదటి పాఠం మాత్రం గైడ్‌తోనే చెప్పించండి. భయంగా ఉందని గైడ్‌తో చెప్పినంత తేలిగ్గా సొంత మనిషితో చెప్పరు. అవతలివారి ఉత్సాహం చెడగొట్టకూడదని ఓర్చుకుని లోతులోకి వచ్చేస్తారు.

అపోహ: భయపడాల్సింది సొరచేపకే.

వాస్తవం: లగూన్‌లో మీకు కనిపించేది ఎక్కువగా రెక్క చివర నలుపున్న బ్లాక్‌టిప్ రీఫ్ షార్క్. మనిషి దగ్గరికొస్తే అదే తప్పుకుంటుంది. నీళ్లలో అద్దంలోంచి ఏదైనా దాదాపు మూడో వంతు పెద్దగా కనిపిస్తుందని గుర్తుపెట్టుకోండి. నేను జాగ్రత్త చెప్పేది టైటన్ ట్రిగర్ ఫిష్ గురించి. గుడ్లు పెట్టే కాలంలో ఇసుకలో గూడు చేసుకుని, దగ్గరికొచ్చినవాళ్ల మీదికి దూసుకొస్తుంది, కరుస్తుంది కూడా. అది తనదనుకునే చోటు గూడు దగ్గర ఇరుకుగా మొదలై పైకి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది. అందువల్ల పైకి వెళ్తే లాభం లేదు. ఫిన్స్ దానివైపు ఉంచి పక్కకి వెళ్లిపోవాలి.

నిజానికి గాయాలు ఎక్కువగా అయ్యేది పాదాలకే. సీ అర్చిన్ ముళ్లు, పగడం కోతలు, అరుదుగా రాయిలా కదలకుండా పడుకునే స్టోన్ ఫిష్. అది గుచ్చితే 45 డిగ్రీలు దాటకుండా, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు ఉంచి వెంటనే వైద్యానికి వెళ్లాలి. జెల్లీ ఫిష్ కుడితే మూత్రం పోయాలన్నది పూర్తిగా తప్పు, దానివల్ల మంట పెరగొచ్చు. మీరున్న చోట ఏ రకం తిరుగుతుందో గైడ్‌కి తెలుస్తుంది, చికిత్స దాన్నిబట్టే.

అపోహ: పగడాలు రాళ్లే కదా, అలసిపోతే కాసేపు నిలబడొచ్చు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. పగడం జంతువు. పాలిప్స్ అనే చిన్న చిన్న ప్రాణులు లక్షల్లో కలిసి కట్టుకునేదే ఆ దిబ్బ. వాటి కణాల్లో ఉండే సూక్ష్మమైన ఆల్గే ఎండతో ఆహారం తయారుచేసి పెడుతుంది, రంగులో ఎక్కువ భాగం కూడా దానిదే. బండలాంటి పగడాలు ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్ల నుంచి రెండు సెంటీమీటర్ల దాకా. ఒక్క ఫిన్ తగిలి విరిగిన ముక్క వెనక కొన్నేళ్ల పెరుగుదల ఉంటుంది. సముద్రపు అడుగున ఒక్క శాతం కూడా లేని ఈ దిబ్బల్ని నమ్ముకుని సముద్ర జీవుల్లో దాదాపు నాలుగో వంతు బతుకుతున్నాయి.

తెల్లగా మెరుస్తున్న పగడాన్ని చూసి ‘ఎంత బాగుందో’ అంటారు. నీళ్లు వేడెక్కితే పగడం ఆ ఆల్గేని బయటికి పంపేస్తుంది, అప్పుడు కనిపించేది దాని అస్థిపంజరం తెలుపు. అప్పటికింకా చనిపోలేదు, వేడి తొందరగా తగ్గితే కోలుకోవచ్చు. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇలా జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ వేడిని నేనూ మీరూ ఈ వారంలో ఆపలేం. తొక్కకుండా మాత్రం ఉండగలం.

చేపలకు బ్రెడ్ వేయొద్దని కూడా ఇందుకే చెప్తాను. నాచు తిని పగడాల్ని శుభ్రంగా ఉంచాల్సిన చేపలు బ్రెడ్ కోసం మనుషుల వెంట తిరుగుతాయి. ఏమీ వేయకుండా, కాళ్లు కదపకుండా ఒకచోట తేలి చూడండి. కటకటమని చప్పుడు వినిపిస్తుంది. ప్యారట్ ఫిష్ ముక్కుతో పగడపు రాతిని కొరుకుతున్న చప్పుడది. అది నమిలి విసర్జించిన పొడే ఇసుకవుతుంది. మాల్దీవుల్లాంటి చోట్ల తెల్లటి ఇసుకలో చాలా భాగం ఈ చేప ఇచ్చిందే.

అపోహ: ‘రీఫ్ సేఫ్’ అని రాసి ఉన్న సన్‌స్క్రీన్ ఒకసారి రాసుకుంటే చాలు.

వాస్తవం: ‘రీఫ్ సేఫ్’ అంటే పగడపు దిబ్బలకు హాని చేయదని అర్థం, కానీ ఆ మాటకు అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేదు. డబ్బా వెనక పదార్థాల పట్టీ చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్నవాటి అమ్మకాన్ని హవాయి 2021 నుంచి ఆపేసింది. పసిఫిక్ ద్వీపదేశం పలావ్ 2020లోనే ఇంకా ఎక్కువ రసాయనాల్ని నిషేధించింది. నీళ్లను తట్టుకుంటుందని రాసినా అది 40 నిమిషాలకో 80 నిమిషాలకో మాత్రమే. పొడుగు చేతుల స్విమ్ షర్ట్, లెగ్గింగ్స్ వేసుకుంటే రాసుకోవాల్సిన చోట్లే తగ్గిపోతాయి. మోకాళ్ల వెనక, మెడ వెనక మాత్రం మర్చిపోకండి, రాత్రి భోజనానికి కూర్చోలేక ఇబ్బందిపడేది వాటివల్లే.

అపోహ: తిన్న గంట దాకా నీళ్లలోకి దిగకూడదు. ఒక గ్లాసు వైన్ మాత్రం ఫర్వాలేదు.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. తిని దిగడం వల్ల మునిగిపోతారనడానికి ఆధారం లేదని అమెరికన్ రెడ్‌క్రాస్ నిపుణులు కూడా పరిశీలించి చెప్పారు. కడుపు బరువుగా ఉంటే బోర్లా తేలడం ఇబ్బంది, అంతే. కాస్త తేలిగ్గా తినండి. మద్యం మాత్రం తూలుడునీ, తప్పుడు ధైర్యాన్నీ ఇస్తుంది. దాన్ని సముద్రం పని అయిపోయాక, సాయంత్రానికి ఉంచుకోండి.

అపోహ: తాజాగా పట్టి, బాగా ఉడికించిన చేప ఎప్పుడూ సురక్షితమే.

వాస్తవం: ఉష్ణమండల పగడపు దిబ్బల దగ్గర సిగ్వటెరా అనే విషం ఉంది. నాచు మీద బతికే సూక్ష్మజీవి దాన్ని తయారుచేస్తుంది. చిన్న చేపను పెద్ద చేప తినేకొద్దీ అది పోగవుతుంది. వండినా, ఫ్రీజ్ చేసినా పోదు. రుచీ వాసనా మారవు. వాంతులు, విరేచనాలు, తిమ్మిర్లు వస్తాయి, కొందరికి చల్లటి వస్తువు తగిలితే కాలినట్టు ఉంటుంది. పెద్ద బరకుడా, మోరే ఈల్, బాగా పెద్ద గ్రూపర్ లాంటివి వద్దని నేను చెప్పేది అందుకే. ట్యూనా లాంటి నడిసముద్రపు చేపకు ఈ బెడద ఉండదు. అయితే దాన్ని పట్టినప్పటి నుంచి చల్లగా ఉంచకపోతే అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే హిస్టమిన్ అనే పదార్థం పెరిగి ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. చెఫ్‌ని ‘ఇది ఏ చేప, ఎక్కడిది’ అని అడగండి. మంచి వంటగదిలో ఆ ప్రశ్నకు సంతోషంగానే జవాబిస్తారు. ప్యారట్ ఫిష్ మెనూలో ఉంటే దయచేసి వేరేది అడగండి. మధ్య అమెరికా దేశం బెలీజ్ 2009లోనే దాన్ని పట్టడం నిషేధించింది.

ఒడ్డున భోజనం పెట్టించుకునేటప్పుడు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమేమో కనుక్కోండి. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుతురును బట్టే సముద్రం వైపు వెళ్తాయి, తెల్లటి దీపాలుంటే దారి తప్పుతాయి. మసక ఎర్రటి దీపం చాలని చెప్పండి.

అపోహ: స్నార్కెలింగ్ చేశాక ఒక రోజు విమానం ఎక్కకూడదు.

వాస్తవం: ఆ నియమం స్కూబాకి. సిలిండర్‌లోని ఒత్తిడి గాలి పీల్చడం వల్ల ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవాలి కాబట్టి, ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగమంటారు. నీళ్ల మీద తేలుతూ మామూలు గాలి పీల్చేవాళ్లకు ఆ గొడవ లేదు. చాలా జంటలు ‘ఒకసారి స్కూబా కూడా చూద్దాం’ అని చివరి రోజుకు పెట్టుకుంటారు. దాన్ని మొదటి రోజుల్లోకి మార్చుకుని, విమానం ఉన్న రోజు పొద్దున స్నార్కెల్ పట్టుకుని దిగండి.